హెల్మెట్‌కు పద్దు ఉంది, ప్రమాదానికి లేదు

విశాఖపట్నం పారిశ్రామిక ప్రాంతంలో ఏ చిన్న కర్మాగారం పద్దు పుస్తకం తెరిచినా భద్రతకు అయిన ఖర్చు సులువుగానే కనిపిస్తుంది. హెల్మెట్లు, బూట్లు, చేతి తొడుగులు, సేఫ్టీ బెల్టులు, మంటలార్పే సిలిండర్లు నింపించిన బిల్లు, మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవానికి కట్టించిన బ్యానరు, ఇవన్నీ ఒకే పద్దు కింద చేరి సంవత్సరాంతానికి ఒక మొత్తంగా తేలతాయి. ప్రమాదాల వల్ల పోయిన డబ్బు ఎంత అని అదే పుస్తకంలో వెతికితే మాత్రం సమాధానం దొరకదు, ఎందుకంటే ఆ పేరుతో పద్దే లేదు. ఖర్చు అంకెల్లో కనిపిస్తూ, ఆ ఖర్చు వల్ల తప్పిన నష్టం ఎక్కడా కనిపించకపోతే, అది యజమాని కంటికి దండగలాగే కనబడుతుంది. మన పరిశ్రమల్లో భద్రత వెనకబడటానికి యజమానుల కఠినత్వం కన్నా, కార్మికుల అజాగ్రత్త కన్నా ఈ లెక్కల లోపమే పెద్ద కారణమని నేను నమ్ముతున్నాను.

నేను ఆటోనగర్‌లోనూ గాజువాక చుట్టుపక్కలా ఉన్న ఇంజనీరింగ్ యూనిట్లకు చాలా ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. స్టీల్ ప్లాంటుకు, రిఫైనరీకి, ఓడరేవుకు, షిప్‌యార్డుకు, పరవాడ, అచ్యుతాపురం మందుల కంపెనీలకు ట్యాంకులు, డక్టులు, నిచ్చెనలు, పైపు సపోర్టులు చేసి ఇచ్చే యూనిట్లు ఇవి. కొన్నింటిలో పాతిక మంది, కొన్నింటిలో వంద మంది దాకా పనిచేస్తారు. మనిషి ప్రాణం గురించి మాట్లాడవలసిన చోట లాభనష్టాలు మాట్లాడటం తగునా అని అడిగేవారు ఉంటారు, వారి ప్రశ్నలో న్యాయం ఉంది. ప్రాణం కాపాడటానికి లాభం అనే సాకు అక్కర్లేదు, ఆ బాధ్యత లాభం ఉన్నా లేకపోయినా ఉంటుంది. అయితే ఫలానా యంత్రం కొనాలా వద్దా, ఫలానా పనికి ఇంకో మనిషిని పెట్టాలా వద్దా అనే నిర్ణయాలు జరిగే గదిలో మాట్లాడేది రూపాయల భాషే. ఆ గదిలో ప్రాణం తరఫున మాట్లాడేవారి చేతిలో అంకెలు లేకపోతే వారి మాట సానుభూతితో విని పక్కన పెట్టేస్తారు. ఆ అంకెలు తయారు చేసి ఇవ్వవలసిన వృత్తి నాది కాబట్టి ఇది రాస్తున్నాను.

అంకెలు ఎలా మాయమవుతాయో చెప్పడానికి ఒక యూనిట్‌లో జరిగింది చెబుతాను. డక్టు, అంటే గాలి వెళ్లే పెద్ద గొట్టపు ప్యానెల్‌కు స్టిఫెనర్లు, అంటే రేకు వంగకుండా పట్టి ఉంచే ఇనుప పట్టీలు వెల్డింగ్ చేశాక వాటి మధ్య మూలల్లో గ్రైండింగ్ చేయాలి. ఆ ఇరుకులోకి మిషను వెళ్లడం లేదని ఒక కుర్రాడు గ్రైండర్‌కు ఉన్న, తిరిగే డిస్కును కప్పి ఉంచే గార్డు విప్పి పక్కన పెట్టి పని చేస్తున్నాడు. డిస్కు స్టిఫెనర్ అంచుకు తగులుకుని ఎదురు తన్నింది, ఎడమ చేతి మణికట్టు దగ్గర లోతుగా తెగింది. అదృష్టవశాత్తు నరాలు పోలేదు, కొన్ని వారాలకు చెయ్యి మామూలుగా పనిచేసింది. ఈ.ఎస్‌.ఐ. (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉన్న మనిషి కావడంతో వైద్యం అటు జరిగింది, పనికి రాలేని రోజులకు భత్యం కూడా అటే వచ్చింది. యూనిట్ పుస్తకంలో ఆ సంఘటన పేరుతో నమోదైనది మొదటి రోజు ఆటోకు, కట్టుకు, మందులకు చిల్లర ఖర్చుల కింద ఇచ్చిన మొత్తం మాత్రమే.

మిగతా ఖర్చు ఎటు పోయిందో నేను వోచర్లు పక్కన పెట్టుకుని వెతికాను. ఆ పూట షెడ్డులో పని ఆగిపోయింది, అందరూ చుట్టూ చేరారు, మేస్త్రీ అతనితో పాటు ఆసుపత్రికి వెళ్లాడు. మేస్త్రీ లేకపోతే మార్కింగ్ చేసేవారు లేరు కాబట్టి ఫిట్టర్లు కూడా ఖాళీగా కూర్చున్నారు, ఆ జీతం ఉత్పత్తి వేతనాల్లో కలిసిపోయింది. పోయిన పనిని పూడ్చుకోవడానికి రెండు రాత్రులు ఓవర్‌టైమ్ చేయించారు, అదీ వేతనాల్లోకే వెళ్లింది. కుర్రాడి చోట తీసుకున్న కొత్త మనిషి మూలలు లోతుగా అరగదీసేశాడు, తనిఖీకి వచ్చిన ఇంజనీరు వాటిని తిరిగి వెల్డింగ్ చేయించాడు, ఎలక్ట్రోడ్లు వినియోగ సామగ్రి పద్దులో చేరాయి. సరుకు కోసం ముందే చెప్పి పెట్టిన ట్రైలర్ గేటు బయట నిలబడిపోయింది, హాల్టింగ్ చార్జీలు రవాణా ఖర్చుల్లో కనిపించాయి. సరుకు ఒక వారం ఆలస్యంగా చేరింది, ఆలస్యపు కోతను కొనుగోలుదారు బిల్లులోనే మినహాయించుకున్నాడు కనుక అది ఖర్చుగా కూడా కనిపించలేదు, అమ్మకం కాస్త తగ్గినట్టు కనిపించింది. ఇవన్నీ ఒక కాగితం మీద కూడినప్పుడు వచ్చిన మొత్తం ఆ చిల్లర ఖర్చుకు ఎన్నో రెట్లు ఉంది. యజమాని ఆ కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆయన మంచి మనిషి, కుర్రాడిని స్వయంగా వెళ్లి పలకరించి వచ్చినవాడు. ఆయనకు తెలియనిది ఆ అంకె ఒక్కటే.

దీనికి ఇంకో లెక్క జత చేస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. ఫ్యాబ్రికేషన్ పనిలో అన్ని ఖర్చులూ పోను అమ్మకం మీద నూటికి ఐదు రూపాయలు మిగులుతాయనుకుందాం. అప్పుడు ఒక ప్రమాదం వల్ల లక్ష రూపాయలు పోతే ఆ లక్ష తిరిగి సంపాదించడానికి ఇరవై లక్షల రూపాయల సరుకు చేసి అమ్మాలి. అంటే ఒక పూట జరిగిన ప్రమాదానికి బదులుగా షెడ్డంతా కొన్ని వారాల పాటు ఉచితంగా పనిచేసినట్టు లెక్క. కొత్త ఆర్డర్ కోసం కొనుగోలు విభాగాల చుట్టూ ఎంత తిరుగుతారో, రేటులో అర రూపాయి కోసం ఎంత బేరమాడతారో ఈ యజమానులను చూసినవారికి తెలుసు. ఆ శ్రమలో పదోవంతు గార్డు ఎందుకు విప్పవలసి వచ్చిందనే ప్రశ్న మీద పెడితే ఎక్కువ మిగులుతుంది.

ఇది నేను ఒక షెడ్డులో చూసిన సంగతి మాత్రమే అనుకోనక్కర్లేదు. హెచ్‌.ఎస్‌.ఈ. అని పిలిచే బ్రిటన్ ప్రభుత్వ భద్రతా సంస్థ ఒక నిర్మాణ స్థలాన్ని, ఒక పాల ఉత్పత్తుల కర్మాగారాన్ని, ఒక రవాణా కంపెనీని, ఉత్తర సముద్రంలోని ఒక చమురు వేదికను, ఒక ఆసుపత్రిని ఎంచుకుని, ప్రమాదాల వల్ల అయ్యే ప్రతి ఖర్చునూ అక్కడికక్కడే నమోదు చేయించి 1993లో ఫలితాలు ప్రకటించింది. బీమా కోసం కట్టే ప్రీమియంతో పోలిస్తే, బీమా చెల్లించని నష్టాలు 8 రెట్ల నుంచి 36 రెట్ల దాకా ఉన్నాయని తేలింది. ఆ పరిశీలన కాలంలో అక్కడ పెద్ద విపత్తు ఏదీ జరగలేదు. అంటే ఆ నష్టమంతా చిన్న గాయాలు, పాడైన సరుకు, ఆగిన యంత్రాలు, తిరిగి చేసిన పనుల వల్ల వచ్చినదే. మన దగ్గర ఆ నిష్పత్తి ఎంత ఉంటుందో ఎవరికి వారే కొలుచుకోవాలి. ఒక దేశపు నిష్పత్తిని తెచ్చి మరో చోట అతికించడం లెక్కలు తెలిసినవారు చేయవలసిన పని కాదు. కానీ బీమా ఉంది కదా అనే ధీమా ఎంత బలహీనమైనదో చెప్పడానికి ఆ పరిశీలన చాలు.

ప్రాణమే పోయిన సందర్భంలో కూడా చట్టం వేసే లెక్క యజమాని భరించే మొత్తం నష్టంలో ఒక భాగమే. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం పెట్టిన, 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చిన సూత్రం ప్రకారం మరణించిన వ్యక్తి నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి. ఎంత జీతం వస్తున్నా లెక్కలోకి తీసుకునే వేతన పరిమితిని 2020 జనవరిలో 15,000 రూపాయలకు పెంచారు. ముప్పై ఏళ్ల వ్యక్తికి గుణకం 207.98. ఆ లెక్కన గరిష్ఠంగా వచ్చేది 15,59,850 రూపాయలు. ఒక కుటుంబానికి మిగతా జీవితమంతా రావలసిన సంపాదన పక్కన ఈ మొత్తాన్ని పెట్టి చూస్తే మనసు చివుక్కుమంటుంది. యజమాని వైపు నుంచి చూస్తే దీనికి బీమా చేయించుకోవచ్చు. పోలీసు కేసు, కర్మాగారాల శాఖ విచారణ, పని నిలిపివేత ఉత్తర్వు, కొనుగోలుదారు పెట్టే నిషేధం, షెడ్డు వదిలి వెళ్లిపోయే పనివాళ్లు, వీటిలో దేనికీ బీమా డబ్బు రాదు.

విశాఖలో ఉండి ఈ విషయం మీద రాసేటప్పుడు పెద్ద దుర్ఘటనలను తలచుకోకుండా ఉండలేము. 1997 సెప్టెంబరు 14న హెచ్‌.పి.సి.ఎల్‌. రిఫైనరీలో వంటగ్యాస్ లీకై జరిగిన పేలుళ్లలో సుమారు 60 మంది చనిపోయారు. 2012 జూన్ 13న స్టీల్ ప్లాంటులో కొత్త ఆక్సిజన్ వ్యవస్థను పరీక్షిస్తుండగా జరిగిన పేలుడులో 19 మంది ప్రాణాలు పోయాయి. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో బరువు పరీక్ష జరుగుతుండగా క్రేన్ కూలి 11 మంది మరణించారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఎసెన్షియా కర్మాగారంలో ద్రావకపు ఆవిరి పేలి 17 మంది బలయ్యారు. ఈ తేదీలు మన ఊళ్లో చాలా ఇళ్లలో సంవత్సరీకాల తేదీలు. ఇక్కడ గమనించవలసింది ఒకటి ఉంది: స్టీల్ ప్లాంటులోనూ షిప్‌యార్డులోనూ ప్రమాదం జరిగింది కొత్త పరికరాన్ని పరీక్షించే సమయంలో. కొత్త యంత్రం కొన్న డబ్బు, దానితో రావలసిన ఉత్పత్తి, దాన్ని నడపవలసిన మనుషులు ఒకే క్షణంలో పోయారు.

2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్‌.జి. పాలిమర్స్ నుంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా వాదన మొత్తం అందులో ఉంది. స్టైరీన్ అనేది ప్లాస్టిక్ తయారీకి ముడి సరుకు. దాన్ని చల్లగా ఉంచకపోతే ట్యాంకులోనే తనంతట తాను గడ్డకట్టే చర్య మొదలవుతుంది, ఆ చర్య వేడిని పుట్టిస్తుంది, ఆ వేడి చర్యను మరింత వేగవంతం చేస్తుంది. దాన్ని ఆపడానికి నిరోధక రసాయనం కలుపుతారు, ట్యాంకును చల్లబరుస్తారు, సరుకును తిప్పుతూ ఉంటారు, ఉష్ణోగ్రత కొలుస్తారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతాధికార కమిటీ నివేదికలో బయటపడిన లోపాలు చాలావరకు ఈ రోజువారీ పనుల్లోవే. నిరోధక రసాయనం చాలినంత లేదు, ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగున మాత్రమే కొలిచారు, పై పొరల్లో పెరిగిన వేడి ఎవరికీ తెలియలేదు, శీతలీకరణ రాత్రింబవళ్లు నడవలేదు. నిద్రలో ఉన్న ఊరు మీదికి ఆ ఆవిరి వచ్చింది, 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. మరుసటి రోజే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమ చేయమని ఆదేశించింది. కంపెనీ పెద్దలు అరెస్టయ్యారు. ఆ కర్మాగారంలో ఉత్పత్తి మళ్లీ మొదలు కాలేదు.

ఆ ట్యాంకు విషయంలో భద్రతకు వేరుగా, ఉత్పత్తికి వేరుగా చేయవలసిన పనులు ఏమైనా ఉన్నాయా? ట్యాంకులో గడ్డకట్టిన స్టైరీన్ పనికిరాని సరుకు. దాన్ని చల్లగా ఉంచడం సరుకు నాణ్యత కోసం చేసేదే, నిరోధకం కలపడం ముడి సరుకును కాపాడుకోవడానికి చేసేదే. మంచి ఉత్పత్తి విభాగం తన సరుకు కోసం చేసుకోవలసిన పనులన్నీ సక్రమంగా చేసి ఉంటే ఊరు క్షేమంగా ఉండేది. భద్రత అనేది ఉత్పత్తి పక్కన నిలబడి దాన్ని ఆలస్యం చేసే వేరే విభాగం అనే అభిప్రాయం మన కర్మాగారాల్లో లోతుగా నాటుకుపోయింది. దాన్ని నేను పూర్తిగా తోసిపుచ్చుతాను. ఒక ప్రక్రియను మనిషికి దెబ్బ తగలకుండా నడపాలంటే అందులో ఏ అడుగు దగ్గర ఏమి తప్పుతుందో తెలియాలి. అది తెలిసినవాడు సరుకు పాడు కాకుండా కూడా నడపగలడు.

గ్రైండర్ సంగతికి తిరిగి వస్తే ఇదే కనిపించింది. మొదట అందరికీ తోచిన పరిష్కారం గార్డు విప్పినవారికి జరిమానా వేయడం. నోటీసు కూడా టైపు చేశారు. షెడ్డులో అందరికన్నా అనుభవం ఉన్న శ్రీకాకుళం వైపు మేస్త్రీని పిలిచి అడిగితే ఆయన, "గార్డు ఉంటే ఆ మూలలోకి మిషను దూరదు బాబూ, అందుకే తీసీసేడు. నేనైనా తీసీసేవోణ్ణే" అన్నాడు. ఆ మాటతో చర్చ మలుపు తిరిగింది. స్టిఫెనర్లు అమర్చక ముందే ప్యానెల్ అంచులు గ్రైండింగ్ చేసుకుంటే మూలలో చేయవలసిన పని చాలావరకు తగ్గుతుందని ఆయనే చెప్పాడు. మిగిలిన కాస్త పనికి గార్డుతో సహా మూలలో పట్టే చిన్న మిషను ఒకటి కొన్నారు. పని వరుస మారాక ఒక్కో ప్యానెల్‌కు పట్టే సమయం కూడా తగ్గింది, ఎందుకంటే వంగి, ఒక చేత్తో మిషను పట్టుకుని ఇరుకులో కుస్తీ పడే అవసరం పోయింది. ఈ సంగతి మేస్త్రీకి ముందునుంచీ తెలుసు. ఆయనను ఎవరూ అడగలేదు. జరిమానా నోటీసు అతికించి ఉంటే ఎప్పటికీ అడిగి ఉండేవారు కాదు.

గార్డు విప్పే అలవాటులో ఇంకో పెద్ద ప్రమాదం ఉందని ఈ పని చేసేవారు చదువుతారని ఆశించి రాస్తున్నాను. గార్డు లేని 5 అంగుళాల మిషనుకు 7 అంగుళాల డిస్కు బిగించడం నేను చాలా షెడ్లలో చూశాను. చిన్న మిషను నిమిషానికి సుమారు 11,000 సార్లు తిరుగుతుంది, 7 అంగుళాల డిస్కు తట్టుకోగలిగేది సాధారణంగా 8,500 మాత్రమే, ఆ సంఖ్య డిస్కు మీదే అచ్చువేసి ఉంటుంది. ఆ డిస్కు పగిలితే ముక్కలు మొహానికే వస్తాయి. దయచేసి ఆ పని చేయకండి.

భద్రతను ముందు పెట్టి కంపెనీని బాగుచేసిన ఉదాహరణగా ప్రపంచమంతా చెప్పుకునేది అమెరికాలోని అల్కోవా అనే అల్యూమినియం కంపెనీ. 1987లో దాని పగ్గాలు చేపట్టిన పాల్ ఓనీల్ మదుపరుల ముందు చేసిన తొలి ప్రసంగంలో లాభాల కన్నా ముందు కార్మికుల భద్రత గురించి మాట్లాడాడు. గాయాల వల్ల పనిరోజులు పోయిన ఘటనల రేటు నూరు మందికి 1.86 నుంచి ఆయన వెళ్లిపోయేనాటికి 0.2 దగ్గరకు వచ్చింది, నికర లాభం అయిదు రెట్లయింది. ఆ లాభమంతా భద్రత వల్లే వచ్చిందని నేను అనను, లోహపు ధరలు, కొత్త కంపెనీల కొనుగోళ్లు కూడా అందులో ఉన్నాయి. నాకు విలువైనదిగా తోచేది ఆయన పెట్టిన నియమం: ఎక్కడ ఎవరికి గాయమైనా ఆ విభాగం అధిపతి ఒక రోజులోగా స్వయంగా తనకు తెలియజేసి, మళ్లీ జరగకుండా ఏమి చేస్తారో చెప్పాలి. అది సాధ్యం కావాలంటే షెడ్డులో జరిగింది పై అధికారికి గంటల్లో చేరాలి. చేరడానికి దారులు ఏర్పడ్డాక వాటి వెంట గాయాల సమాచారంతో పాటు యంత్రాల సమాచారం, సరుకు సమాచారం, పనివాళ్ల సలహాలు కూడా వచ్చాయి.

మన దగ్గర ఆ దారి మూసుకుపోవడానికి ఒక కారణం గేటు దగ్గర వేలాడే బోర్డు. ప్రమాదం లేకుండా ఇన్ని రోజులు అని రాసి ఉండే ఆ బోర్డు మీద అంకె సున్నాకు మారితే ఆ విభాగానికి రావలసిన బహుమతి పోతుంది, గుత్తేదారుకు చెడ్డపేరు వస్తుంది. అందువల్ల వేలు చితికినవాడిని మరునాడు కూడా గేటు లోపలికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి హాజరు వేస్తారు. కంట్లో నలక పడ్డవాడిని బయటి క్లినిక్‌కు తీసుకెళ్లి సొంత డబ్బుతో చూపిస్తారు. దాచిన ప్రతి చిన్న గాయంతో పాటు దాని కారణం కూడా దాగిపోతుంది. నేను లెక్కలు చూసే యూనిట్లలో గాయాల సంఖ్య మీద బహుమతులు మాన్పించి, తృటిలో తప్పిన ప్రమాదాన్ని చెప్పినవారి పేరు పుస్తకంలో రాయించి, చెప్పిన లోపాన్ని ఎన్ని రోజుల్లో సరిచేశారో దాని ఎదురుగా రాయించమని సలహా ఇచ్చాను. ఒప్పుకున్న చోట మొదటి నెలల్లో ఆ పుస్తకం త్వరగా నిండింది. బరువులెత్తే చెయిన్ బ్లాకు కొక్కేనికి, బరువు జారకుండా ఆపే నాలుక లేకపోవడం, గ్యాస్ కటింగ్ గొట్టం పగిలి టేపు చుట్టి ఉండటం, పైనుంచి స్పానర్ జారి పడటం వంటివి వరుసగా వచ్చాయి. వాటిలో చాలావరకు వంద, రెండు వందల రూపాయలతో బాగయ్యేవే.

చిన్న యూనిట్లకు ఇదంతా భారం కాదా అనే ప్రశ్నకు ఇక్కడే సమాధానం ఉంది. ఖరీదైన పరికరాలు అవసరమైన చోట్లు ఉన్నాయి, మూసి ఉన్న ట్యాంకులోకి మనిషి దిగే ముందు ఆక్సిజన్, విషవాయువులు కొలిచే యంత్రం లేకుండా పని చేయించకూడదు, అందులో రాజీ లేదు. యంత్రం కొనలేకపోతే అద్దెకు తెచ్చుకోవాలి, అదీ కుదరకపోతే ఆ ఆర్డర్ తీసుకోకూడదు. మిగతావాటిలో చాలావరకు పని వరుస మార్చడం, సామాను పెట్టే చోటు మార్చడం, పొద్దున్నే పది నిమిషాలు మాట్లాడటం వంటివి. ఎండాకాలంలో మధ్యాహ్నం ట్యాంకు పైకప్పు మీద వెల్డింగ్ చేయించకుండా ఆ పనిని తెల్లవారుజామున అయిదింటికి జరపడానికి ఖర్చేమీ లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో వేసిన అంచనా ప్రకారం వేడి వల్ల 2030 నాటికి భారతదేశం 5.8 శాతం పని గంటలు కోల్పోతుంది, అది 3.4 కోట్ల పూర్తికాలపు ఉద్యోగాలతో సమానం. విశాఖ మే నెల ఉక్కపోతలో ఇనుప రేకుల మీద పని చేసినవారికి ఆ అంచనా ఆశ్చర్యం కలిగించదు.

పనివాళ్ల లభ్యత గురించి మాట్లాడేటప్పుడు యజమానులు భద్రతను తలచుకోరు, కానీ రెండూ ముడిపడి ఉన్నాయి. పైపును ఏ కోణంలో ఉన్నా వెల్డింగ్ చేయగలిగిన మంచి వెల్డర్ గాజువాకలో ఖాళీగా ఉండడు. గల్ఫ్‌కు వెళతాడు, జామ్‌నగర్‌లో షట్‌డౌన్ పనులకు, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతులకు వెళతాడు. తిరిగి వచ్చాక ఎక్కడ చేరాలో ఎంచుకునే స్థితిలో ఉంటాడు. అక్కడ సరైన హార్నెస్, పొగ లాగే ఫ్యాన్, స్థిరమైన స్కాఫోల్డింగ్ మీద పనిచేసి వచ్చినవాడు కర్రలు కట్టిన మంచె మీద నిలబడి పనిచేయడానికి ఇష్టపడడు, కాస్త ఎక్కువ కూలి ఇస్తామన్నా ఇష్టపడడు. నేను చూసిన యూనిట్లలో మంచి వెల్డర్లు ఏళ్ల తరబడి నిలిచి ఉన్నది జీతం అందరికన్నా ఎక్కువ ఇచ్చే చోట కాదు, షెడ్డు శుభ్రంగా, పద్ధతిగా ఉండి, దెబ్బ తగిలితే యజమాని దాచకుండా చూసుకునే చోట.

చట్టం కూడా కదిలింది. 1948 కర్మాగారాల చట్టం ప్రకారం భద్రతా నియమాల ఉల్లంఘన వల్ల మరణం సంభవిస్తే కనీస జరిమానా 25,000 రూపాయలు ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో అలాంటి సందర్భంలో రెండేళ్ల దాకా జైలు గానీ, కనీసం 5 లక్షల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు, ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి పరిహారంగా ఇప్పించవచ్చు. అదే కోడ్‌లో విద్యుత్తుతో నడిచే యూనిట్‌ను కర్మాగారంగా పరిగణించే సంఖ్యను పది మంది నుంచి ఇరవై మందికి పెంచారు. దీన్ని నేను సమర్థించలేను, మన ఆటోనగర్‌లో చేతులు తెగే షెడ్లలో చాలావాటిలో ఇరవై మంది ఉండరు. ఎగుమతి చేసే మందుల కంపెనీలకైతే చట్టం కన్నా ముందు విదేశీ కొనుగోలుదారు ఆడిటర్ వస్తాడు, భద్రత బాగాలేదని రాస్తే ఆర్డర్ ఆగుతుంది. వారికి భద్రతకూ వ్యాపారానికీ ఉన్న సంబంధం ఎవరూ వివరించనక్కర్లేదు.

వివరించవలసి వచ్చేది ఆ కంపెనీలకూ ఇతర పెద్ద సంస్థలకూ పనిచేసే గుత్తేదారుల విషయంలో. ఇక్కడే నాకు అందరికన్నా ఎక్కువ ఆవేదన ఉంది. పెద్ద కర్మాగారాల గేటు లోపల ఎత్తుల మీద ఎక్కేవారు, ట్యాంకుల్లోకి దిగేవారు, రాత్రి షట్‌డౌన్లు చేసేవారు చాలావరకు గుత్తేదారు మనుషులే. ఆ పని టెండర్‌లో అందరికన్నా తక్కువ రేటు రాసినవారికి వెళుతుంది. రేటు టన్నుకు ఇంత అని ఉంటుంది. స్కాఫోల్డింగ్, ఎత్తు నుంచి పడిపోకుండా పట్టే లైఫ్‌లైన్ తాడు, గ్యాస్ పరీక్ష, ట్యాంకు బయట కాపలా ఉండే మనిషి, శిక్షణకు పోయే పూట కూలి, ఇవన్నీ ఆ టన్ను రేటులోనే కలిసి ఉన్నాయని ఒక షరతు రాసి ఉంటుంది. నిజాయితీగా వీటన్నింటినీ లెక్కగట్టి రేటు రాసిన గుత్తేదారుకు పని రాదు. లెక్కగట్టనివాడికి పని వస్తుంది, వచ్చాక అతను ఆ ఖర్చు చేస్తే నష్టపోతాడు. కాబట్టి బయట కాపలా ఉండవలసిన మనిషి లోపల వెల్డర్‌కు ఎలక్ట్రోడ్లు అందిస్తూ ఉంటాడు. గేటు దగ్గర భద్రతాధికారి అందరి హెల్మెట్లూ చూసి పంపుతాడు, ఆ హెల్మెట్ల కింద ఉన్న మనుషులకు పని పర్మిట్‌లో ఏమి రాసి ఉందో చదివి చెప్పినవారు ఉండరు.

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. భద్రతకు అయ్యే అంశాలను టన్ను రేటు నుంచి విడదీసి, ఒక్కోదానికి కొనుగోలు సంస్థే ముందుగా ధర నిర్ణయించి, ఆ ధరల మీద పోటీ లేకుండా చేసి, కొలత ప్రకారం చెల్లించాలి. స్కాఫోల్డింగ్ ఇన్ని చదరపు మీటర్లు కట్టారు, కొలిచాం, ఇంత ఇచ్చాం. గ్యాస్ పరీక్ష ఇన్ని షిఫ్టులు చేశారు, నమోదు చూశాం, ఇంత ఇచ్చాం. అప్పుడు గుత్తేదారు స్కాఫోల్డింగ్ కడితే డబ్బు వస్తుంది, కట్టకపోతే రాదు. పోటీ మిగిలేది పనితనం మీద, పని వేగం మీద. కొనుగోలు సంస్థకు టెండర్ మొత్తం మొదట కాస్త ఎక్కువ కనిపిస్తుంది, కానీ షట్‌డౌన్‌లో ఒక ప్రమాదం జరిగి ప్లాంటు ఒక్క రోజు ఆలస్యంగా మొదలైతే పోయే ఉత్పత్తి విలువతో పోలిస్తే ఆ తేడా చాలా స్వల్పం. స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, ఓడరేవు, షిప్‌యార్డు ఒకే ఊళ్లో ఉండి, దాదాపు అదే గుత్తేదారుల గుంపుతో పనిచేస్తున్న విశాఖలో ఈ నాలుగు సంస్థలు ఒక ఉమ్మడి ధరల పట్టిక ఒప్పుకుంటే ఆటోనగర్ మొత్తం పద్ధతి మారుతుంది. చిన్న యజమాని ఒక్కడూ తన రేటులో ఈ ఖర్చులు కలిపితే అతను పోటీ నుంచి తప్పుకున్నట్టే అవుతుంది, అందుకే మొదటి అడుగు కొనేవారి వైపు నుంచి రావాలి.

గ్రైండర్ ప్రమాదం జరిగిన యూనిట్ యజమాని ఈ మధ్య ఒక పెద్ద కొనుగోలుదారుకు ఇచ్చిన కొటేషన్‌లో భద్రత అంశాలను విడివిడిగా ధరలతో చూపించారు. ఆ పట్టిక ఆయనా నేనూ కూర్చుని తయారు చేశాం. కొనుగోలు విభాగం మొదట వాటిని కొట్టివేసి ఒకే రేటు ఇమ్మంది. ప్లాంటు వైపు ఇంజనీరు ఒకరు జోక్యం చేసుకున్నాక జరిగిన రెండో చర్చలో స్కాఫోల్డింగ్, గ్యాస్ పరీక్ష ఈ రెండింటినీ విడిగా ఉంచడానికి ఒప్పుకుని, కాపలా మనిషిని, శిక్షణ పూటలను టన్ను రేటులోనే కలపమన్నారు. ఆర్డర్ వచ్చింది, పని నడుస్తోంది, స్కాఫోల్డింగ్ కొలతలతో మొదటి బిల్లు కూడా పాసైంది. వచ్చే టెండర్‌లో మిగిలిన ఆ రెండు అంశాలను మళ్లీ విడిగానే రాయబోతున్నాం.